ఆవు కాలికింది టైలు

కోదాడలో మేము కొన్న పాత ఇంట్లో, ఉన్న బండల మీదే టైల్స్ వేయించాం. నున్నటి బండకు సిమెంటు పట్టదు, టైల్ గమ్ము తీసుకెళ్లమని దుకాణాయన చెప్పినా మావారు వినలేదు. "మా నాయిన ఇల్లు సిమెంటుతోనే నిలబడ్డది గదా" అన్నారు.

గృహప్రవేశానికి మా తమ్ముడు పాలకీడు నుంచి తన సూడి ఆవును తెచ్చాడు. ముందు ఆవు, వెనక పాలచెంబుతో నేను. గడప దాటగానే కింద డొల్లగా మోగింది. మరుక్షణం టైలు జారి, ఆవు ముందుకాళ్లు చెరోవైపుకు పోయాయి. మేళం ఆగిపోయింది.

"ఎవ్వరు కదలకుండ్రి. బెదిరితే పడతది. కడుపుల దూడున్నది అక్కా" అంటూ తమ్ముడు దాని ఛాతీ కింద భుజం పెట్టాడు. వాడి మెడ నరాలు ఉబ్బాయి. నేను చెంబు దించి, వాకిట్లోని గోనెసంచులు తెచ్చి దాని గిట్టల కిందికి తోశాను. ఆవు వణుకుతూ ఒక్కో కాలూ కూడదీసుకుని లేచింది.

మావారు ఊడిన టైలును తిరగేశారు. వెనక రవ్వంత సిమెంటు కూడా అంటలేదు. కడిగిన పళ్లెంలా ఉంది.

టైల్స్ అన్నీ తీయించి గమ్ముతో మళ్లీ వేయించాం. ఆవు క్షేమంగా ఈనింది. ఇప్పటికీ గడప దాటేటప్పుడు మావారు మడమతో టైలును తట్టి చూసి గానీ అడుగెయ్యరు. నేను చూడనట్టే ఉంటాను.