సైకిలు గేటు మూయించిన నా పోస్టరు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి సంవత్సరం మార్చిలో, మలేషియాలో క్లాంగ్ ఊరి శివార్లలోని ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఎనర్జీ మేనేజరుగా చేరాను. రిటైరయ్యే ముందు నా చివరి ఉద్యోగం అదే. ఆ హోదా పేరు విని చాలామంది కరెంటు బిల్లులు కట్టే గుమస్తా అనుకుంటారు. కాదు. ఓవెన్లకు ఎంత గ్యాసు పోతోంది, కోల్డ్ రూములకు ఎంత కరెంటు పోతోంది కొలవడం, వృథా ఎక్కడో పట్టుకోవడం, ఆ అంకెల కింద సంతకం పెట్టడం మా పని. మా సంతకం లేని అంకె నివేదికలోకి వెళ్లకూడదు. ఆ సంతకం విలువ నాకు బాగా తెలుసని అప్పట్లో అనుకునేవాణ్ణి.

క్యాంటీన్ చూస్తే నాకు ఒళ్లు మండేది. కొబ్బరిపాలతో వండిన నాసి లెమాక్ అన్నం, పైన వేయించిన కోడి తొడ, అందులో సగం చెత్తబుట్టకు. అందుకని భద్రతా వారోత్సవానికి ఒక పోస్టరు తయారుచేశాను. పొలంలో ఎరువు, కోళ్ల మేత, ఓడలో ఫ్రీజరు, మా కోల్డ్ రూము, గ్యాసు పొయ్యి, ఇవన్నీ కలిపితే ఒక ప్లేటు వెనక ఎంత డీజిలు కాలుతుందో పట్టిక వేశాను. లెక్క సరైనదే. అంతటితో ఆగితే బాగుండేది. నలుగురూ నవ్వుతారని కింద ఒక వాక్యం తగిలించాను: "సైకిలు తొక్కేవాళ్లూ గర్వపడకండి, మీ బండీ డీజిలు మీదే నడుస్తోంది." అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ కింద సంతకం కూడా పెట్టాను.

ఫ్యాక్టరీకి సైకిలు మీద వచ్చేవాళ్లు నలభై మంది దాకా ఉండేవారు. ఎక్కువమంది నేపాల్, బంగ్లాదేశ్ కార్మికులు. మా తెలుగువాడు ఒక్కడే, పిండి గోదాములో పనిచేసే సింహాద్రి. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు కాయలు ఒలిచే గునపం దగ్గర పీచు ఎగిరి ఒక కన్ను పోయింది. ఒంటి కంటితో వేగం అంచనా కుదరదని తనకే తెలిసి, కారు గానీ మోటారు సైకిలు గానీ ఎన్నడూ ముట్టలేదు. మురుగు కాలవ గట్టు మీదుగా వచ్చి వెనక గేటులోంచి లోపలికొచ్చేవాడు. ముందు గేటుకు రావాలంటే పోర్టుకు పోయే కంటైనరు లారీల రోడ్డు దాటాలి. అతని రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. వెనక గేటు ఉంటేనే అతని ఉద్యోగం ఉన్నట్టు.

మరుసటి ఏడు యాజమాన్యం పర్యావరణ సర్టిఫికెట్టు కోసం ఒక కన్సల్టెంటును పిలిపించింది. అతని నివేదికలో నాలుగో సిఫార్సు: వెనక గేటు మూసి, సైకిళ్ల షెడ్డు తీసి, ఆ స్థలంలో కార్ పార్కు పెంచాలి. కారణం కూడా రాశాడు. సైకిలు తొక్కేవాడు తినే తిండికి అయ్యే ఇంధనం, చిన్న కారు తాగే పెట్రోలు కంటే ఎక్కువట. అందుకని సైకిళ్లను ప్రోత్సహించడం పర్యావరణానికి చేటట. కింద ఆధారంగా ఉన్న పట్టిక నాదే.

విదేశీ కొనుగోలుదార్లు వచ్చినప్పుడు తుప్పుపట్టిన సైకిళ్లు కనబడటం మా జనరల్ మేనేజరుకు నామోషీ. అసలు సంగతి అది. ఆ మాట పైకి చెప్పే ధైర్యం లేక నా అంకెల చాటున దాక్కున్నాడు. నేను వెళ్లి అడిగితే, లెక్క తప్పా అని నన్నే అడిగాడు. తప్పు కాదు, కానీ మీరు వాడిన చోటు తప్పు అన్నాను. ఇంగ్లీషులో ఏదో గొణిగి ఫోను తీసుకున్నాడు.

గేటు మూస్తారన్న నోటీసు చూసి సింహాద్రి నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ బొమ్మ కాయితం మీరే రాసినారంట గదా బావు?" అన్నాడు.

అవునన్నాను.

"మీరూ తింతన్నారు, నేనూ తింతన్నాను. కారెక్కినోడు తినడేటి? నా కూడొక్కటే లెక్కెట్టినారేటి?"

మా వృత్తిలో కొత్తవాడికి మొదటిరోజే చెప్పే మాట బేస్‌లైన్. అంటే, ఈ పని లేకపోయినా ఎలాగూ అయ్యే ఖర్చు. అది తీసేసి మిగిలినదే ఆ పని ఖర్చు. తొక్కేవాడికి ఆకలి కాస్త ఎక్కువే, కాదనను. ఆ కాస్తనే లెక్క కట్టాలి, ప్లేటు మొత్తాన్ని కాదు. కారు నడిపేవాడు గాలి భోంచేసి బతకడు. పైగా ఒక్క మనిషి కోసం టన్ను ఇనుమును ఈడ్చుకొస్తాడు. నేనూ రోజూ అలా ఈడ్చుకొచ్చినవాణ్ణే.

గోదాములోని తూకం యంత్రం తెచ్చి, క్యాంటీన్‌లో వడ్డించే చోటా, ప్లేట్లు తిరిగిచ్చే చోటా ఏడు పనిదినాలు నిలబడ్డాను. వడ్డించిందీ, మిగిల్చిందీ తూచి రాశాను. సైకిళ్ల వాళ్లు, కార్ల వాళ్లు పెట్టించుకునేది ఇంచుమించు ఒకటే. పారేసేది కార్ల వాళ్లే ఎక్కువ. సింహాద్రి ఆ లెక్కలోకే రాలేదు. ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్ తెచ్చుకుంటాడు. అన్నం, ఎండుచేపల కూర. నా పట్టికలోని కోడి తొడ అతను ఎన్నడూ తినలేదు.

సమావేశంలో ఇదంతా చెప్పి, ఆ నివేదిక మీద సంతకం చేయనన్నాను. కన్సల్టెంటు చిరునవ్వు నవ్వాడు. సంతకం అవసరం లేదట. పోస్టరు మీద ఉన్న సంతకం చాలట. దాన్నే అనుబంధంగా జతచేశాడు. నా జన్మలో ఒక మనిషి చెంప పగలగొట్టాలనిపించింది ఆ ఒక్కసారే. ఆ కోపంలో సగం నా మీద.

నెలాఖరుకు గేటుకు తాళం పడింది. సింహాద్రిని నా కారులో తీసుకొస్తానన్నాను.

"మీరు ఎనిమిదింటికి వస్తారు. నా సిఫ్టు ఆరింటికి. అయిదు నెల్లు పోతే మీరే రిటైరైపోతారు. వద్దులెండి లా," అన్నాడు, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా'తో.

మూడు రోజులు లారీల రోడ్డు దాటాడు. నాలుగో రోజు ఒక కంటైనరు లారీ హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. మనిషికి ఏమీ కాలేదు. అయిదో రోజు రాజీనామా ఇచ్చాడు.

రిటైరయ్యాక ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య పైడమ్మ నాకూ ఒక పళ్లెం పెట్టింది. సైకిలు మానేశాక ఆయన తిండి తగ్గిందా అని అడిగాను. అది నా వృత్తి బుద్ధి.

"ఏటి తగ్గుతాది బావు? అదే గిన్నె, అదే కూడు. పొద్దున్న లేసి సైకిలు తుడిసి మళ్లీ గోడకానిస్తాడు, అంతే," అంది.

తూకం యంత్రంతో ఏడు రోజులు నేను వెతికిన బేస్‌లైన్ అదే. దేనితో పోల్చాలో చెప్పకుండా ఇచ్చిన అంకె, కూడిక సరిగ్గా ఉన్నా అబద్ధమే. నవ్వించడానికి రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టాను. ఏ సందర్భంలో పెట్టామో సంతకానికి తెలియదు.