కొండపల్లిలో కళ్లు లేని బొమ్మ చేయించుకొచ్చాం

సుజాత గారూ, కిందటి నెల పాపాయిల బొమ్మల గురించి నేను రాసినదాని కింద మీరొక మాటన్నారు: "చెక్కబొమ్మైతే కళ్లు మూసుకుని కొనెయ్యొచ్చండీ, కొండపల్లి పక్కనే ఉండగా మీకు బెంగెందుకు?" కొండపల్లి పక్కనే ఉన్న మాట నిజం. కళ్లు మూసుకోవడం దగ్గరే నాకు మీతో పేచీ. నా చిన్నప్పుడు మా ఇంట్లో బొమ్మల కొలువు పెడితే, ఆ మెట్ల మీది కొండపల్లి బొమ్మని ముట్టుకున్నవాళ్ల వేళ్ల మీద మా అమ్మ ఒక్కటిచ్చేది. పిల్లలు ముట్టుకోకూడని బొమ్మ పసిపిల్లల బొమ్మ ఎప్పుడైందో నాకు తెలీదు. ఈ ఆదివారం మీ ఇంటి పాపాయి కోసం మీరూ కొండపల్లి వెళ్తున్నానని రాశారు కాబట్టి, మేం వెళ్లొచ్చిన రోజు సంగతి ముందుగా చెప్పేస్తున్నాను.

మేం వెళ్లింది తార కోసం. తార మా అమ్మాయి కూతురు, పదకొండో నెల నడుస్తోంది. నెలలు నిండకుండా పుట్టింది. అన్నీ బాగానే చేస్తోంది కానీ ఎడమచెయ్యి మాత్రం బద్ధకం. కుడిచేత్తో నా కళ్లజోడు లాగుతుంది, వాళ్ల నాన్న మీసం లాగుతుంది. ఎడమది గుప్పిట మూసుకుని పక్కన ఊరికే పడి ఉంటుంది. "రెండు చేతులతో పట్టుకుని నోటిదాకా తెచ్చుకునే వస్తువేదైనా ఇవ్వండమ్మా. బాగా తేలిగ్గా ఉండాలి. ఈ రెండు మూడు నెలలు గట్టిగా ప్రయత్నిస్తే ఆ చెయ్యి దారిలో పడుతుంది," అంది ఫిజియోథెరపీ అమ్మాయి. వినడానికి ఎంత చిన్న పని. బజార్లో కొన్న ప్లాస్టిక్ గిలక్కాయ తేలిగ్గానే ఉంది, కానీ రెండో రోజుకి దాని ఎరుపు పిల్ల పెదాల మీద కనపడింది. మా అల్లుడు ఆన్‌లైన్లో తెప్పించిన చెక్క రింగు చూడముచ్చటగా ఉంది, బరువు మాత్రం తిరగలి రాయంత. అది ఒకసారి పిల్ల నుదుటి మీద పడింది. అప్పటినుంచి దాన్ని చూస్తే చాలు, కుడిచెయ్యి కూడా వెనక్కి లాక్కుంటోంది. ఉన్న చెయ్యి కూడా పోయేట్టుందని నాకు నిద్రపట్టలేదు.

తేలికైన చెక్క కావాలంటే మా చుట్టుపక్కల ఎవరైనా చెప్పేది ఒకటే, కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి. తోడుగా మా వియ్యపురాలు, అంటే తార నాయనమ్మ మేరీ గారు వస్తానన్నారు. ఆవిడది గుణదల, తార వాళ్లు ఉండేదీ ఆ ఇంట్లోనే. నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఆవిడకి ప్రతి వస్తువు మీదా క్రిములు కనపడతాయి, నాకు ప్రతి రంగులోనూ సీసం కనపడుతుంది. పిల్ల తల్లిదండ్రులు మా ఇద్దరినీ ఒకే రోజు బయటికి పంపి హాయిగా ఊపిరి పీల్చుకున్నారనే నా అనుమానం.

పొద్దున్న ఎనిమిదింటికి విజయవాడ బస్టాండులో కలిశాం. కొండపల్లి వైపు ఆర్డినరీ బస్సులు తరచుగానే ఉంటాయి. ఆడవాళ్లం ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టుకి డబ్బులు అక్కర్లేదు, సీటు మాత్రం ఎవరికి వాళ్లే సంపాదించుకోవాలి. భవానీపురం, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా దాదాపు గంట పట్టింది. దారిపొడవునా మేరీ గారు ఒళ్లో చేతిసంచీ పట్టుకుని దానిమీదే చెయ్యేసి కూర్చున్నారు.

"అందులో ఏం బంగారముందండీ, వదినగారూ?" అన్నాను.

ఆవిడ సంచీ తెరిచి టిష్యూ రోలు అయిపోయాక మిగిలే అట్టగొట్టం చూపించారు. "ఇందులో దూరిందేదైనా పసిపిల్ల గొంతులోకీ దూరుతుందండీ. పిల్లల వార్డులో చెప్పేవాళ్లం. మీరేం తెచ్చారు?"

నేను తడిపి కవర్లో పెట్టుకున్న తెల్ల జేబురుమాలు చూపించాను. బొమ్మ రంగు మీద రుద్ది చూడటానికి. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి ఆ గొట్టాన్నీ, ఈ గుడ్డనీ, మా ఇద్దరినీ చూసి, మళ్లీ ఇటు తిరగలేదు.

థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు దగ్గరయ్యాక బస్సు దిగి ఆటో ఎక్కాం. మనిషికి ఇరవై రూపాయలు. "కోటకా, బొమ్మలకాండీ?" అన్నాడు ఆటో అబ్బాయి.

"బొమ్మలకే."

"కోట కూడా చూసెయ్యండమ్మా. రానూ పోనూ మాట్లాడుకుందాం."

"ఎక్కించడం వరకేగా నీ బేరం. మోకాళ్లు పట్టేస్తే దింపేదెవరు నాయనా?" అన్నారు మేరీ గారు. అతను నవ్వి బొమ్మల వీధిలో దింపాడు.

ఆ వీధిలో కొట్టూ ఇల్లూ ఒకటే. ముందు గదిలో అరలు, వెనక వసారాలో పని. మేం కూర్చున్న ఇంట్లో పద్మ అనే అమ్మాయి రంగులేస్తోంది, ఆమె భర్త శివ చెక్క చెక్కుతున్నాడు. అరల నిండా అంబారీ ఏనుగులు, ఎడ్లబళ్లు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. మేరీ గారు అంతదాకా తెచ్చిన గొట్టం సంగతి మరిచిపోయి పచ్చటి చిలకనొకదాన్ని గుండెకి హత్తుకున్నారు. "వదినగారూ, ఇది తీసుకుందామండీ. మన తారలాగే ఉంది ముక్కు."

"ముక్కు సరే, ముందు ఇటివ్వండి." నా తడిగుడ్డతో రుద్దాను. గుడ్డ పచ్చబడింది.

"అది ఆకుల రంగేనండీ, ప్రకృతిది," అంది పద్మ. "పెయింటు కావాలంటే ఆ పక్క అరలో ఉన్నాయి. అవి ఎంత రుద్దినా పోవు."

రుద్దాను. నిజమే, పోలేదు. కానీ గోరు పెట్టి గీకితే చిన్న పెచ్చు లేచొచ్చింది. పంటికి గోరుకంటే పదునెక్కువ. ఇక ప్రకృతి రంగు మాటంటారా, గన్నేరు పప్పు కూడా ప్రకృతే ఇచ్చింది. దేనితో చేశారన్నది ఒక ప్రశ్న, పిల్ల నోట్లోకి ఎంత పోతుందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు వినగానే మనం రెండోది అడగడం మానేస్తాం. ఆ మాటే అంటే పద్మ కుంచె పక్కన పెట్టింది. "అమ్మగారూ, ఇవి కొలువులో పెట్టుకోడానికండీ. కొరకడానికి ఎవరు చెయ్యమన్నారు? ఆ ఏనుగు తొండం వేరే ముక్క, చెవులు వేరే ముక్క. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికిస్తాం. పిల్ల రోజంతా నానబెడితే ఊడి రాదూ?"

"మరి రంగూ వద్దు, అతుకూ వద్దు," అన్నాను. "ఒకే ముక్కలో చేసిస్తారా?" జేబురుమాలు మడత విప్పి దానిమీద పెన్నుతో గీసి చూపించాను. మధ్యలో బొటనవేలంత సన్నం, రెండు కొసలా గుండ్రం.

శివ తల వంచి చూశాడు. "ఇది రోకలి కదండీ."

"రెండు తలల రోకలి."

"తలలుంటే కళ్లేవండీ?"

"కళ్లొద్దు బాబూ."

అతను ఉలి కింద పెట్టేశాడు. కోపం కాదు, బాధ. ఈ ఇంట్లోంచి కళ్లు దిద్దకుండా బొమ్మ బయటికెళ్లదట. అన్నిటికంటే ఆఖర్న కళ్లు దిద్దుతారు, అప్పుడే అది బొమ్మయినట్టు. వాళ్ల నాన్నకి చూపు తగ్గాక కూడా కళ్లు మాత్రం ఆయనే దిద్దేవారట. "గుడ్డి బొమ్మని ఆడపిల్ల చేతికి ఎలా ఇవ్వమంటారండీ?" అన్నాడు. 

మేరీ గారికి ఇంకో చిక్కు దొరికింది. ఆవిడ ఈలోగా చెక్కముక్కనొకదాన్ని మంచినీళ్లలో ముంచి వేలితో రాస్తున్నారు. "చెక్క భలే తేలిగ్గా ఉందండీ, దూదిలాగే ఉంది. తడిస్తే నూగు కూడా దూదిలాగే లేస్తోంది. పిల్లకి కింద రెండు పళ్లున్నాయి. పీచు లాగి మింగేస్తుంది."

"నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి మరి," అన్నాడు శివ.

మేం ముగ్గురు ఆడవాళ్లం ఒకేసారి అతని వైపు చూశాం. అతను మళ్లీ ఉలి అందుకున్నాడు.

 గట్టి చెక్క కొరకడానికి బాగుంటుంది, పిల్లకి బరువు. తేలిక చెక్క చేతికి బాగుంటుంది, నోటికి పనికిరాదు. ఫిజియోథెరపీ అమ్మాయి అడిగిందేమో చేతినుంచి నోటిదాకా దారి. ఉత్త చేతులతో తిరిగెళ్లాలేమో అనుకుంటున్నాను. పద్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటోంది, మేరీ గారు ఆ కొంగు వైపే చూస్తున్నారు.

"వదినగారూ, మన తారని పుట్టగానే ఏ గుడ్డలో చుట్టారండీ?"

"మా అమ్మ నూలు చీర. చింపి పొత్తిగుడ్డలు చేశాం."

"మిగిలిందా?"

మిగలకేం. మా దగ్గర పసిబిడ్డకి కొత్త గుడ్డ వెయ్యరు కదా. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలే వేస్తారు. మేరీ గారిళ్లలోనూ అంతే. క్రిస్మస్‌కి వాళ్ల చర్చిలో పశువుల తొట్టె పెడితే దాంట్లోకి పాత చీర చింపి ఇచ్చేది ఆవిడేనట. చెక్కకి ఆ గుడ్డ తొడుగు వేస్తే సరి. నోటికి గుడ్డ తగులుతుంది, చేతికి తేలిక తెలుస్తుంది. మాసిపోతే తొడుగు విప్పి ఉడకబెట్టుకోవచ్చు.

"తొడుగు మీద కళ్లు దారంతో కుట్టొచ్చు," అంది పద్మ, మొగుడి మొహం చూస్తూ. "గొలుసుకుట్టు వేస్తే ఊడవు."

"నేను కుడతా," అన్నారు మేరీ గారు.

శివ లెక్క సరిచూసుకున్నట్టు తలాడించాడు. "అయితే ఆ కళ్లు నేను కాగితం మీద గీసిస్తానండీ. మీరు దాన్ని చూసి కుట్టండి."

ఎండబెట్టి ఉంచిన చెక్కలోంచి ఒకటి తీసి మొదలుపెట్టాడు. రెండు గంటలు పడుతుందన్నాడు. మేం వీధి చివర బండి దగ్గర పెసరట్టు తిన్నాం. బండి ఆవిడ నూనె ధారగా పోస్తుంటే మేరీ గారు "కాస్త తగ్గించమ్మా, గుండెకి మంచిది కాదు" అన్నారు. ఆవిడ గరిటె ఆపకుండానే "పెసరట్టుకి మంచిదండీ" అంది. నలభై రూపాయలకి అంత రుచి ఈమధ్య ఎక్కడా తినలేదు.

తిరిగొచ్చేసరికి శివ ఉప్పుకాగితంతో నున్న చేస్తున్నాడు. మేరీ గారు గొట్టం తీశారు. ఒక కొస దూరలేదు, రెండోది కొద్దిగా దూరింది. శివ నసగలేదు. ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి చెక్కాడు. ఈసారి రెండు కొసలూ గొట్టానికి అడ్డంగా నిలబడ్డాయి. మూడొందలు తీసుకున్నాడు. పాడైన చెక్కకీ కలిపి ఇస్తామంటే ఒప్పుకోలేదు కానీ, పద్మ మాత్రం మేరీ గారికి ఆ చిలకని అమ్మేసింది. అది ఇప్పుడు గుణదలలో టీవీ పైన, పిల్లకి అందనంత ఎత్తులో ఉంది. అక్కడ బాగుంది.

సాయంత్రం ఐదింటికల్లా బస్టాండుకి చేరి గుణదల ఆటో ఎక్కాం. నేను మా ఇంటినుంచి చీర ముక్క తెప్పించాను, మేరీ గారు తొడుగు కుట్టి, శివ గీసిచ్చింది చూస్తూ కళ్లు కుట్టారు. ఒక కన్ను కొంచెం కిందికి జారింది. "వదినగారూ, ఇది ఎవర్నో అనుమానంగా చూస్తోందండీ," అని నేనంటే, "మీ పోలికేనండీ" అన్నారు. తార దాన్ని కుడిచేత్తో అందుకుంది. పైకెత్తి వదిలేసింది. బొమ్మ వచ్చి బుగ్గ మీద పడింది. మేమందరం ఏడుపు కోసం ఎదురుచూశాం. పిల్ల కళ్లార్పి మళ్లీ అందుకుంది. ఎడమచెయ్యి మాత్రం కదల్లేదు. ఆ రోజు అంతే, లేనిది రాయను.

మరుసటి వారం ఒక మధ్యాహ్నం మేరీ గారు ఫోన్ చేశారు. గొంతు తగ్గించి, ఏదో పిట్ట ఎగిరిపోతుందన్నట్టు మాట్లాడుతున్నారు. "వదినగారూ, ఎడమచెయ్యి వేసిందండీ. రెండు చేతులతో పట్టుకుని ఆ కన్ను చీకుతోంది."

"ఎంతసేపట్నుంచి?"

"మీరు ఫోనెత్తేలోపు తీసేసింది. ఉండండి... మళ్లీ వేసింది."

ఫిజియోథెరపీ అమ్మాయికి చెబితే, దారిలో పడిందంది, ఆపొద్దంది. ఒక చెక్కముక్క పిల్లని బాగుచేసిందని నేననను, అలా రాసే ప్రకటనలు చూస్తేనే నాకు ఒళ్లు మంట. బొమ్మ చేసిన మేలల్లా ఒకటే, మీద పడినా దెబ్బ తగల్లేదు. దెబ్బ తగలదని తెలిశాక పిల్ల మళ్లీ మళ్లీ ఎత్తింది. ఒక చెయ్యి అలిసిపోయినప్పుడు రెండోదాన్ని పిలిచింది. పసిపిల్లలకి బొమ్మ కొనడమంటే ఇదేననిపిస్తోంది నాకిప్పుడు. ఏది నేర్పుతుందని పెట్టె మీద చదవడం కాదు, ఏది మీద పడినా పిల్ల మళ్లీ అందుకోడానికి జంకదో చూడటం. కొండపల్లి వెళ్లండి సుజాత గారూ, తప్పకుండా వెళ్లండి. అలమారకి ఏనుగు కొనుక్కోండి, పిల్లకి చేయించి తెచ్చుకోండి.

వెళ్లేముందు రేపొక పని చెయ్యండి. బీరువా అడుగున ఉన్న పాత నూలు చీరల్లో రంగు దిగడం ఎప్పుడో మానేసినదాన్ని ఒకటి తీసి, వేడినీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మీ వీధి టైలరు దగ్గరికి పట్టుకెళ్లండి. దిండు గలీబులాగా ఒక కొస లోపలికి మడిచి మూసేలా బొమ్మ పట్టేలా జానెడు పొడవున రెండు తొడుగులు కుట్టమనండి. ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి వాడకానికి. కుట్టు రెండు వరసలు వెయ్యాలి. గుండీ, జిప్పు, నాడా, లేసు ఏవీ వద్దని గట్టిగా చెప్పండి. పాపాయిదని తెలిస్తే ముద్దుగా ఉంటుందని లేసు వేసేస్తాడు, కాబట్టి కుట్టేదాకా అక్కడే కూర్చోండి.