బడిలోకి వచ్చిన బీడీల చాట

నేను చెప్పేది ఇంతవరకు ఎవరూ వినలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పైవాళ్లు వినలేదు, విరమణ తర్వాత సంఘం వాళ్లు వినలేదు, మొన్న జగిత్యాలలో ఉపాధ్యాయుల సన్మాన సభలో మైకు నా ముందు వరుస దాకా వచ్చి అక్కడి నుంచే వెనక్కు పోయింది. ఆ సభలో శాలువా కప్పించుకున్న పెద్దమనిషి ఒకప్పుడు మా బళ్లు తనిఖీ చేసిన అధికారి. తన హయాంలో మండలమంతటా బడి బయట ఒక్క పిల్ల కూడా లేదని ఆయన చెప్పుకుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కోపమూ రాలేదు, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను, అంతే.

అప్పట్లో నేను కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో ఐదో తరగతికి చెప్పేవాణ్ణి. నా ఈడు మాస్టర్లకు ఆ ఊళ్లు తెలుసు. మగవాళ్లు మస్కటుకో దుబాయికో పోతే ఆడవాళ్లు అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చేసేవాళ్లు, తంబాకు వాసన మా చాక్‌పీసుల డబ్బాకు కూడా పట్టేది. నల్లబల్ల తుడిచే పని ఇంకెవరికీ ఇవ్వని ఒక పిల్ల, భిన్నాలు మొదలుపెట్టిన వారమే బడి మానేసింది. ఇంటికి పోతే తల్లి చెయ్యి వాచి ఉంది, ఆమె బదులు పిల్లే బీడీలు చుడుతోంది.

"బీడీలు చేసి ఇయ్యకుంటె కార్ఖానల నా కార్డు తీసేస్తరు సార్. కార్డు పోతె మేమేం తినాలె?" అన్నది.

వెనక్కు తిరిగిన వాణ్ణి గడప దగ్గర ఆగి, తల్లి చెయ్యి కుదురుకునేదాకా పిల్లను చాట పట్టుకొనే బడికి రమ్మన్నాను. ఆ వాసన పిల్లలకు మంచిది కాదని నాకు తెలుసు, నిబంధనలూ తెలుసు. ఇంట్లో ఉంటే ఆ పిల్ల ముందు చాట తప్ప మరేదీ ఉండదనీ తెలుసు. కిటికీ పక్కన కూర్చొని చేతులు ఆకు చుడుతుంటే కళ్లు నల్లబల్ల మీద పెట్టేది. ప్రశ్న అడిగితే దారం ముడి పడకముందే జవాబు వచ్చేది.

అంతలో, మొన్న శాలువా కప్పించుకున్న ఆ అధికారే తనిఖీకి వచ్చారు.

"ఏం సార్, గిది బడా, బీడీల కార్ఖానానా? తంబాకు మీరే తక్కెడల జోకి ఇస్తున్నరా?" అన్నారు ఆయన.

పిల్లలంతా నవ్వారు. ఆ పిల్లా నవ్వింది, తర్వాత ఆ మాట తన గురించేనని అర్థమై చాట మీద చున్నీ కప్పింది. ఒక్క నెల ఓపిక పట్టమన్నాను. ఆయన వినలేదు, అటెండరుతో ఆమెను బయటికి పంపించారు. నాకు మెమో ఇచ్చారు. మర్నాడు పిలవడానికి పోతే తల్లి, "మా బిడ్డ ఇగ కండ్ల వడదని మీ పెద్దసారుకు చెప్పుండ్రి," అని తలుపు దగ్గరికి వేసింది. బడి బయటి పిల్లల వివరాలు అడిగినప్పుడు ఆమె పేరు రాసి పంపాను. మన మండలంలో అలాంటి వాళ్లు లేరు, పేరు కొట్టెయ్యమన్నారు ఆయన. నేను కొట్టెయ్యలేదు, ఇంకెవరో కొట్టేశారు.

మరుసటేడు కోరుట్ల బస్టాండులో ఆ పిల్ల బీడీ ఆకుల కట్టతో కనబడి, "సార్, భిన్నాలు అయిపోయినయా?" అని అడిగింది. అయిపోయినయ్ బిడ్డా అన్నాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

ఇప్పుడు హాజరు ఫోనులో ఫొటోతో పడుతోంది, చదువు ఇంగ్లీషులోకి మారింది, మా బడికి పిల్లలు తక్కువని తాళం వేసి పక్క ఊరి బడిలో కలిపారు. చాటతో వచ్చే పిల్లలు ఎక్కడా కనబడరు, అంతా శుభ్రంగా ఉంది. బడి ఉన్నది పిల్లల కోసమా, తనిఖీ చేసేవాళ్ల కోసమా అని నేను అడిగితే, మీకు చాదస్తం సార్ అంటారు.

శాలువా కప్పుకున్న అయ్యా, ఇది మీరూ చదువుతారనే రాస్తున్నాను. ఆ రోజు ఆ పిల్లను బయటికి పంపినప్పుడు, ఆమె ఎక్కడికి పోతుందని మీరు అనుకున్నారు? నాకు జవాబు చెప్పండి.