అన్నం మానేసి పరుగు పందేనికి

పరుగు పందేనికి పది రోజుల ముందు అన్నం మానేయాలన్న గొప్ప ఆలోచన మండపేట మొత్తంలో నా ఒక్కడికే వచ్చింది. అదీ మూడు తరాలుగా బియ్యం కొట్టు నడుపుతున్న ఇంట్లో పుట్టి! కండలకి అన్నం దండగ, ప్రొటీన్ పొడి ఒక్కటే తిండి అని ఫోన్‌లో ఎవరో చెబితే, బేరమాడి సగం ధరకి రెండు డబ్బాలు తెచ్చాను.

రాజమండ్రి గోదావరి గట్టు మీద ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. పూర్తి చేయలేకపోతే మీసం తీసేస్తానని బావమరిదితో పందెం కూడా కాశాను.

పదిహేనో కిలోమీటరు దగ్గర నా కాళ్లు కొట్టు కట్టేశాయి. కళ్లు తిరిగి అరటిపళ్ల బండి పక్కన కూలబడ్డాను. స్కూటర్ మీద వెంట వస్తున్న బావమరిది, "బ్లేడు కొనుక్కురమ్మంటారా బావగారూ?" అన్నాడు ఎంతో మర్యాదగా.

వాణ్ణి వదిలేసి, "డజను ఎంతమ్మా?" అని పళ్లామెని అడిగాను.

"కళ్లు తేలేసి బేరమేంటండీ బాబూ! ముందు తినండి" అంటూ ఆమే ఒకటి ఒలిచి నా నోట్లో పెట్టింది.

నాలుగు పళ్లు తిని కాసేపు కూర్చున్నాక కాళ్లు కదిలాయి. నిర్వాహకులు షామియానా విప్పుతుండగా ముగింపు గీత దాటాను. అంత దూరం పరిగెత్తే కండలకి అన్నంలాంటి తిండే ఇంధనమని అక్కడి డాక్టరు గారు బియ్యం అమ్మేవాడికి వివరంగా చెప్పారు.

చివరి లెక్క: పొడికి మూడు వేలు, పరుగు పందెం రుసుము ఎనిమిది వందలు, నా మీసం నిలబెట్టిన పళ్లకి ఇరవై. నిజం చెప్పాలి కదండీ, ఆమె ఇరవై ఐదు అడిగింది.