మూడో అంతస్తులో ఉప్పు చెరువు

మా హాల్లో సోఫా ఉండాల్సిన చోట నాలుగడుగుల గాజు తొట్టె ఉంది. అందులో ఉప్పునీళ్లు, రెండు నారింజ రంగు చేపలు, కొన్ని నత్తలు, ఒక పగడం. పగడమంటే ఉంగరంలో రాయి కాదు, ప్రాణమున్న జీవి. కొన్నప్పుడు బొటనవేలంత ఉండేది. మూడేళ్లలో పిడికిలంత అయింది. పగలంతా ఆకుపచ్చ వేళ్లు చాచి నీళ్లలో ఊగుతుంటే చూస్తూ నేను పొయ్యి మీద పాలు ఎన్నిసార్లు పొంగించానో లెక్కలేదు.

పోయిన వేసవిలో ముందు నత్తలు గాజు మీద పట్టు వదిలి, కిందపడి చచ్చాయి. తర్వాత పగడం వేళ్లు లోపలికి లాక్కుంది. ఒక పక్క కండ కరిగి తెల్లటి ఎముక బయటపడింది. అది కూడా పోతే తొట్టె ఎత్తేద్దామని నిర్ణయించుకున్నాను. ఇంకో ప్రాణిని తెచ్చి చంపే ధైర్యం నాకు లేదు.

నా దగ్గరున్న కిట్టుతో అమ్మోనియా, నైట్రేటు, ఉప్పు శాతం అన్నీ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఇలాంటి తొట్టెలు పెంచేవాళ్ల ఫోన్ గ్రూపులో లైటు తగ్గించమని ఒకరు, పెంచమని ఒకరు చెప్పారు. రెండూ చేశాను. బుద్ధున్న మనిషి చేసే పనేనా అది?

ఆ వారమే మా బాబాయి కృత్తివెన్ను నుంచి పని మీద బెజవాడ వచ్చి, మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఏళ్ల తరబడి రొయ్యల చెరువులు చేస్తున్న మనిషి. నిజం చెప్పాలంటే, ఆయన్ని అడగాలని నాకు తోచనే లేదు. ఆయనవి తినేవి, నావి చూసుకునేవి అని నాకో పొగరు.

బాబాయి అన్నం సంగతి పక్కనపెట్టి తొట్టె ముందు కుర్చీ వేసుకున్నాడు. గాజుకి ముఖం ఆనించి లోపలికి చూశాడు.

“చేపలు మేత తింటన్నాయా?”

“శుభ్రంగా తింటున్నాయి బాబాయ్.”

“చేపలు బాగుండి నత్తలు పోయినయ్యంటే నీళ్లలో ఏదో కలుస్తందమ్మా. నువ్వు నీళ్లు పోసే పద్ధతి నాకు చూపించు. చెప్పొద్దు, చేసి చూపించు.”

తొట్టెలో నీళ్లు రోజూ కొంత ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. అందుకని తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి. వంటింట్లోకి వెళ్లి, ముందురోజు పట్టి ఉంచిన ఫిల్టరు నీళ్ల బిందె ఎత్తుకొచ్చాను. అమ్మ ఇచ్చిన రాగి బిందె. ప్లాస్టిక్ డ్రమ్ము పగిలిన దగ్గర్నుంచీ అందులోనే పడుతున్నాను. రాగి బిందెలో నీళ్లు ఒంటికి మంచివని చిన్నప్పట్నుంచీ విన్నదాన్ని. నా పగడానికీ మంచే చేస్తున్నాననుకున్నాను. వారం వారం చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేదాన్ని కూడా.

బాబాయి బిందె వంక చూశాడు, నా వంక చూశాడు. నవ్వలేదు. ఆయన గొప్పతనం నాకు మొదట తెలిసింది అక్కడే.

“మైలుతుత్తంలో ఉండేది రాగేనమ్మా. చెరువులో నాచు పోవాలని నేనోసారి ఎక్కువ కొట్టా. నాచూ పోయింది, రొయ్యలూ పోయినయ్. గట్టు మీద కూర్చుని ఏడ్చా. రాగి మనకి మంచిదే, నత్తకీ రొయ్యకీ విషం. నా మాట నమ్మొద్దు, పరీక్ష చేయిద్దాం.”

తొట్టె నీళ్లు సీసాలో పట్టుకెళ్లి, రొయ్యల రైతులు చెరువు నీళ్లిచ్చే ల్యాబులోనే ఇచ్చాడు. మర్నాడు ఫోన్ చేశాడు. “రాగి ఉందమ్మా. చెరువెక్కడండీ అనడిగాడు ల్యాబతను. మూడో అంతస్తులో అన్నా.”

కొత్త డ్రమ్ము కొన్నాను. అందులో ఉప్పునీళ్లు కలిపి రోజు విడిచి రోజు కొంత మార్చాను, రాగిని పీల్చుకునే బొగ్గు సంచి వేశాను. నెల దాటాక ఒక పొద్దున రెండు ఆకుపచ్చ వేళ్లు బయటికొచ్చాయి. వెంటనే బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆయన గట్టు మీదే ఉన్నాడు, నా పగడాన్ని చూడ్డానికి తన చెరువుకి వీపు పెట్టి నిలబడ్డాడు. అంత ప్రేమ ఆ మనిషి మీద నాకు ఇంతకు ముందెప్పుడూ కలగలేదు.

పగడం సగమే కోలుకుంది. తెల్లబడిన సగాన్ని విరిచి పారేయమని గ్రూపులో సలహా ఇచ్చారు. నేను ఉంచాను. చూడవచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు. గట్టు మీద ఏడ్చిన రోజుని బాబాయి నా దగ్గర దాచలేదు. నేనూ దాచను. నేనే చేశానని చెప్పి, బిందె చూపిస్తాను.