మోచేతి లోతు జేబులు

మా మరదలి చేతులు ఊరుకోవు. మనిషి మంచిదే, మాట మెత్తనే, కానీ ఆ చేతులున్నాయే, వాటికి వేరే బుర్ర ఉంది. పెళ్లయి మా ఇంట్లో అడుగుపెట్టిన వారానికే గోడగడియారం విప్పి బల్ల మీద పరిచింది. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు విప్పావే అంటే, "ఎలా బాగా నడుస్తోందో చూద్దామని, వదినా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రానికి మళ్లీ బిగించి గోడకి తగిలించింది. అంతకుముందు కాస్త వెనకబడే గడియారం ఆ రోజు నుంచి సరిగ్గా నడుస్తోంది. ఆ సంగతి ఇంతవరకూ ఆవిడతో అనలేదు. అంటే ఇక పట్టలేం.

నేను టైలర్ని. మా ఇంటి కింది గదే నా కొట్టు. పైన తమ్ముడూ మరదలూ ఉంటారు. తమ్ముడు బస్సు నడుపుతాడు. రోజంతా హారను మోగించి వస్తాడు కాబట్టి ఇంట్లో నోరు మెదపడు. మరదలు రెండు వీధుల అవతలి బళ్లో సైన్సు టీచరు.

ఆవిడ చదువుకున్న బళ్లో సైన్సు సామానంతా అద్దాల బీరువాలో ఉండేదట. ఏడాదికోసారి మాస్టారు తాళం తీసి, అయస్కాంతాన్ని పైకెత్తి చూపించి, "ముట్టుకోకండి" అని, తుడిచి మళ్లీ లోపల పెట్టేవాడట. బడి వదిలేదాకా ఈవిడ అయస్కాంతం ముట్టుకున్న పాపాన పోలేదు. అందుకే టీచరయిన మొదటి రోజే బడి బీరువా తాళం తీసేసి, ఆ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ గుండీల డబ్బాలో పడేయండి వదినా, మళ్లీ నా కంట పడకూడదు" అంది. అది ఇప్పటికీ అందులోనే ఉంది. గుండీ కోసం వెతికినప్పుడల్లా వేలికి తగులుతుంది.

తర్వాత ఈ రోవర్ల పిచ్చి పట్టుకుంది. రోవరంటే వేరే గ్రహం మీద తిరిగే బండి. అందులో మనిషుండడు. ఇక్కణ్ణుంచి కబురు పంపితే అక్కడ కదులుతుంది. అలాంటి బండి ఒకటి పిల్లల చేత చేయిస్తే చక్రం దగ్గర రాపిడి, బ్యాటరీ దగ్గర కరెంటు, గుంట దగ్గర బరువు, అన్నీ వాటంతటవే బుర్రకెక్కుతాయని ఈవిడ లెక్క. గురువారం చివరి రెండు పీరియడ్లూ దానికే అడిగి తీసుకుంది. ఇక నా కొట్టుకి మూడింది. దారం అయిపోవడం ఆలస్యం, రీలు చక్రమైపోయేది. ఒక్కోసారి దారం ఉండగానే అయ్యేది. ఒకాయన పైజామా కోసం వస్తే, "మీ ఎలాస్టిక్ అంగారకుడి మీద ఉందండీ, రేపు రండి" అని చెప్పాల్సొచ్చింది. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

మొదటి ఏడాది ఏం జరిగిందో ఊహించొచ్చు. పిల్ల మర తిప్పబోతే, "ఉండమ్మా, ఇలా" అని ఈవిడే తిప్పేది. చక్రం వంకరగా ఉంటే ఈవిడే సరిచేసేది. ఏడాది చివర బళ్లన్నీ బ్రహ్మాండంగా పరిగెత్తాయి. ఈవిడ ఆనందం పట్టలేక ఓ పిల్లని దగ్గరికి తీసుకుని, "చూశావా, మీ బండి ఎంత బాగా నడిచిందో" అందట. "అవును మేడం, మీది చాలా బాగా నడిచింది" అందట ఆ పిల్ల.

ఆ పిల్లని బళ్లో అందరూ నత్త అంటారు. నడక నెమ్మది, మాట నెమ్మది, రాత నెమ్మది. ఎవరెంత తొందరపెట్టినా తన పద్ధతి తనదే. ఆ మాటలో ఎత్తిపొడుపేం లేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. అదే గుచ్చుకుంది మా మరదలికి. ఆ సాయంత్రం నా కొట్లో స్టూలు మీద కూలబడి, "ఎంత మాటందో చూశారా వదినా" అంది.

"ఉన్నమాటే అంది" అన్నాను నేను. కోపమొచ్చినట్టుంది, టీ తాగకుండానే మేడెక్కింది.

ఆ కోపంలోంచే రూలు పుట్టింది. బండి ఇసుకలోకి దిగిందా, ఇక అది వేరే గ్రహం. ఎవరి చెయ్యీ అందదు, టీచరు చెయ్యి కూడా. పిల్లలు తెర ఇవతల కూర్చుని ఏం చెయ్యాలో అట్టముక్క మీద రాస్తారు. కబురు అంత దూరం పోవాలంటే టైం పడుతుంది కదా, అందుకని ఓ పిల్లాడు ఆ అట్టముక్క పట్టుకుని వరండా అంతా చుట్టి నడిచి వెళ్లాలి. ఆ పనికి కావాలనే బళ్లోకెల్లా బాగా పరిగెత్తేవాణ్ణి పెట్టింది. వాణ్ణి అందరూ లేడి అంటారు. పాపం, నడవలేక వాడి ప్రాణం పోయేది. తెర అవతల ఇంకొకడు, కన్ను అని పిలుస్తారు, అట్టగొట్టంలోంచి చూస్తూ రాసినట్టే మీటలు నొక్కాలి. సొంత తెలివి వాడకూడదు. తనకి కనిపించింది రాసి లేడికిచ్చి పంపాలి. ఈ ఆటకి నల్ల తెర కుట్టింది నేనే. తిట్టుకుంటూ కుట్టాను గానీ అంచు మాత్రం రెండుసార్లు మడిచాను.

అంతా బాగుందనుకునేసరికి కొందరు తల్లిదండ్రులకి నచ్చలేదు. అందరికంటే గట్టిగా గొడవపెట్టింది లేడి వాళ్ల నాన్న, పళ్ల డాక్టరు. మావాణ్ణి చదవమని పంపితే బూట్ల నిండా ఇసుక తెస్తున్నాడని ఆయన బాధ. బడి పెద్దమేడం మరదల్ని పిలిచి, వచ్చే నెల నుంచి ఆ రెండు పీరియడ్లూ పరీక్షల చదువుకి ఇచ్చేద్దామంది. మరదలు బతిమాలితే చివరికి ఒక మాట మీద ఆగింది. తల్లిదండ్రుల సమావేశం రోజు రోవర్ నడిపి చూపించాలి. ఉపయోగం ఉందనిపిస్తే ఉంచుతుంది, లేకపోతే తీసేస్తుంది. ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే మరదలి గొంతు వణికింది. నాకు జాలేసింది. జాలేస్తే నేను తిడతాను. "ఏడుస్తావేంటే, వెళ్లి పని చూసుకో" అన్నాను.

సమావేశానికి ముందురోజు సాయంత్రం బండిని ఇంటికి తెచ్చింది, పొద్దున్నే పట్టుకెళ్లొచ్చని. దాని రూపకల్పనంతా నత్తది. టిఫిను డబ్బా శరీరం, సీసామూతల చక్రాలు, ముందు ముక్కు దగ్గర అయస్కాంతం. వెనక రెండు చక్రాలకీ చెరో చిన్న మోటారు. నా కటింగు బల్ల మీద పెట్టి చుట్టూ తిరుగుతూ మురిసిపోయింది మరదలు. ఇంతలో వేలితో తాకితే వెనక ఇరుసు అటూ ఇటూ ఊగింది. ఆవిడ మొహం మారింది. వెళ్లిపోయింది, మళ్లీ వచ్చింది. ఇంకోసారి తాకింది. నా కుట్టుమిషను పానా తీసుకుని, ఇరుసు మధ్యనున్న నట్టుని ఒక్క తిప్పు తిప్పి బిగించింది. ఇక ఊగలేదు. పానా తుడిచి, హాయిగా నిద్రొచ్చే మొహంతో మేడెక్కింది. అప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు.

మర్నాడు బడి హాల్లో సగం ఇసుక, సగం కుర్చీలు. మధ్యలో నా తెర, అది కట్టడానికి వెళ్లి నేనూ అక్కడే కూర్చున్నాను. తల్లిదండ్రుల్ని పక్కగా కూర్చోబెట్టారు కాబట్టి మాకు రెండువైపులా కనిపిస్తుంది. ఇవతల బల్ల దగ్గరున్న పిల్లలకి మాత్రం ఇసుక కనపడదు. ఇసుక చివర నేనిచ్చిన పిన్నీసు ఒకటి పెట్టారు. బండి వెళ్లి ముక్కుతో దాన్ని పట్టుకోవాలి. పెద్దమేడం ముందు వరసలో పెన్ను విప్పి కూర్చుంది.

బండి బయల్దేరింది. కాస్త దూరం బాగానే వెళ్లింది. ఓ రాయి మీదికి ముందు చక్రం ఒకటి ఎక్కిందో లేదో, వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచింది. లేచినది ఊరికే గిర్రున తిరుగుతోంది, నేల మీదున్నది తోస్తోంది, బండి ఉన్నచోటే పక్కకి తిరిగిపోతోంది. మా అందరికీ కనిపిస్తోంది. పిల్లలకి కనపడదు. వాళ్లు "ముందుకి" అని రాస్తారు, లేడి వరండా చుట్టి వస్తాడు, బండి మళ్లీ గింగిరాలు తిరుగుతుంది.

పళ్ల డాక్టరు ఆగలేకపోయాడు. "మేడం, ఇక్కణ్ణుంచి నాలుగడుగులు. వెళ్లి ఆ బండిని దించేస్తే అయిపోతుంది కదా."

"అది వేరే గ్రహం అండీ. చెయ్యి అందదు" అన్నారు పిల్లలంతా ఒక్కసారి, తలెత్తకుండా.

నత్త మాత్రం 'రాయెక్కింది, పక్కకి తిరిగిపోతోంది' అని కన్ను రాసి పంపిన అట్టముక్క ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. మరదలు చిరునవ్వు పెదవులకి అతికించుకుని నిలబడింది. చివరికి నత్త ఓ అట్టముక్క పంపింది. 'వెనక ఇరుసు ఊగుతోందా?' లేడి వెళ్లొచ్చాడు. 'లేదు. బిగుసుకుపోయింది' అని కన్ను రాశాడు.

"ఎవరో నట్టు బిగించారు" అంది నత్త.

అంతే, గోల మొదలైంది. నువ్వంటే నువ్వన్నారు. కన్నే బిగించి ఉంటాడని ఒకరు, చివరగా పట్టుకుంది లేడే కదా అని ఇంకొకరు. లేడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను మరదలి వైపు చూశాను. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెలిసింది నా ఒక్కదానికే, నేను చెప్పను. పెద్దమేడం పెన్ను కాగితం మీదే ఉంది.

"నేనే బిగించాను" అంది మరదలు. "నిన్న సాయంత్రం. ఊగుతుంటే చూడలేకపోయాను. మీలో ఎవరి తప్పూ లేదు."

అయిపోయింది, గురువారం పోయింది అనుకున్నాను.

నత్త కుర్చీలోంచి లేచి, తన నెమ్మది గొంతుతోనే, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "అది ఊగాలి మేడం. ముందు ఒక పక్క రాయెక్కితే వెనక ఇరుసు దానంతటది ఒరగాలి. అప్పుడే నాలుగు చక్రాలూ నేల మీదుంటాయి. అందుకే నేను వదులుగా ఉంచాను."

"నాకు తట్టలేదమ్మా" అంది మరదలు.

"పర్లేదు మేడం. ఇప్పుడు మన బండి బిగుసుకున్న బండి. దానికి తగ్గ దారి వెతుకుతాం."

వెతికారు. వెనక్కి రమ్మన్నారు. కన్నుని గొట్టం నాలుగువైపులా తిప్పి ఎక్కడ రాళ్లు లేవో రాసి పంపమన్నారు. గోడ పక్కగా చదునుగా ఉందని కబురొచ్చింది. చుట్టుదారి. బండి కొంచెం పోతుంది, ఆగుతుంది, లేడి ఊరేగినట్టు నడిచొస్తాడు, మళ్లీ కొంచెం పోతుంది. ఇంటికెళ్లే గంట కొట్టారు. ఒక్కరూ లేవలేదు. పళ్ల డాక్టరు కుర్చీ అంచుకొచ్చి కూర్చుని, కొడుకు పక్కనుంచి పోతుంటే, "పరిగెత్తకురా, నడువు, నడువు" అని గొణుగుతున్నాడు. ఒకచోట బండి తిన్నగా రాయి మీదికే పోబోతుంటే పెద్దమేడం "కుడికి" అనేసి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పెన్ను కిందపడినా తీసుకోలేదు.

పిన్నీసు వెళ్లి అయస్కాంతానికి టక్కున అతుక్కుంది. మేమంతా చప్పట్లు కొట్టాం. పిల్లలకి ఇంకా తెలియదు. లేడి ఆ కబురు పట్టుకుని వరండా అంతా నడిచి వచ్చేదాకా, వాళ్లు మా చప్పట్లు విననట్టే బల్ల మీద మొహాలు పెట్టుకుని కూర్చున్నారు. రూలంటే రూలే.

ఆ రోజు పెద్దమేడం ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. వారమంతా మరదలికి అన్నం సయించలేదు. ఇంట్లో ఉన్న గడియారాలన్నీ ఒకసారి విప్పి బిగించింది. నేనేమీ అనలేదు, అదే వింత.

వారం తిరిగాక ఓ ఆదివారం మధ్యాహ్నం పెద్దమేడమే నా కొట్లోకి వచ్చింది. ఏప్రన్ ఒకటి కుట్టాలంది. ఎవరికండీ అన్నాను. "మీ మరదలికే. కొలతలు మీ దగ్గరుంటాయిగా. రెండు జేబులు పెట్టండి. లోతుగా, చెయ్యి మోచేతి దాకా దిగాలి. నత్త అడిగింది. గురువారాలు మేడం చేతులు పెట్టుకోడానికి చోటు కావాలట." నాకు నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. గడప దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది. "గట్టి గుడ్డ వేయండి. చాలా ఏళ్లు రావాలి."

ఆవిడ వీధి మలుపు తిరగడం ఆలస్యం, మిషను వదిలేసి మెట్లెక్కి పరిగెత్తాను. నా మోకాళ్ల సంగతి నాకు సాయంత్రం గుర్తొచ్చింది. విషయం చెబితే మరదలు నన్ను కావలించుకుని ఏడ్చింది. "ముందు జేబుల కొలత ఇవ్వు, ఏడుపు తర్వాత" అన్నాను. తమ్ముడు పేపరు చాటు నుంచి, "ఇంట్లో వాడుకోడానికి ఇంకోటి కుట్టక్కా" అన్నాడు. ఆ నెలలో వాడు మాట్లాడింది అదొక్కటే.

గట్టి గుడ్డే వేశాను. జేబులకి రెండు వరసల కుట్టు.

మొన్న గురువారం నా కత్తెర కనపడక, ఎక్కడుంటుందో తెలుసు కాబట్టి, తిన్నగా బడికే వెళ్లాను. తిట్టడానికే వెళ్లాను, దాపరికమేముంది. కిటికీలోంచి చూద్దును కదా, ఓ చిన్నపిల్ల చక్రానికి మర బిగిస్తోంది, అదీ తప్పువైపు. ఎంత తిప్పితే అంత వదులవుతోంది. నత్త పక్కనే నిలబడి చూస్తోంది, ఏమీ అనడం లేదు. వాళ్ల వెనక మా మరదలు, మోచేతుల దాకా జేబుల్లో. పెదవులు బిగపట్టింది. ఏప్రన్ జేబులు రెండూ లోపల కుందేలు పిల్లలున్నట్టు కదులుతున్నాయి. లోపల వేళ్లు మర తిప్పుతున్నాయి, సరైనవైపుకి. చేతులు మాత్రం బయటికి రాలేదు.

కత్తెర సంగతి అడగబుద్ధి కాలేదు.

ఆ పిల్ల ఆగింది. చక్రాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. మరని రెండోవైపు తిప్పింది. అది పట్టుకుంది.

అప్పుడు ఆ జేబులు కదలడం మానేశాయి.