ఊరి ఆరోగ్యం కోసం గెలిపించిన డాక్టరు

మా ఊళ్ళో డాక్టర్ ఎలీహు స్ప్రేగ్ అంత మంచి మనిషి మరొకడు లేడు. ఈ మాట ఇప్పటికీ ఎవరిని అడిగినా చెబుతారు. మంచు గుర్రం పొట్టదాకా పేరుకున్న రోజున కూడా కబురు పంపితే చాలు, తొమ్మిది మైళ్ళ అవతల ఉన్నా వచ్చేసేవాడు. మా బాధల్లా అదే. ఆయన వేళకు వచ్చేసేవాడు.

వచ్చి రక్తం తీసేవాడు. తలనొప్పికి చేతిలో, కడుపునొప్పికి కాలిలో తీసేవాడు. ఏ నొప్పీ లేకపోతే, రాకుండా ఉండడానికి తీసేవాడు. గిన్నె నిండాక కట్టు కట్టి, పాదరసం పొడి నాలుక మీద వేసి, "రేపటికి తేడా మీకే తెలుస్తుంది" అనేవాడు. తెలిసేది. రోగి రెండు రోజులపాటు పెరట్లోని మరుగుదొడ్డి వదిలి వచ్చేవాడు కాదు. ఆ తరవాత కొందరు కోలుకునేవారు, కొందరు పోయేవారు. పోయినవారి సమాధి దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చేది డాక్టరే. భార్యాబిడ్డలు తమ ఏడుపు ఆపుకుని ఆయన్ని ఓదార్చాల్సి వచ్చేది. మా ఆయన రూఫస్ పోయినప్పుడు నేనూ ఓదార్చాను. ఆ మర్నాడే మా సత్రం తలుపులు మళ్ళీ తెరిచాను. అప్పటినుంచీ దాన్ని ఒంటిచేత్తో నడుపుతున్నదాన్ని కాబట్టి ఊళ్ళో సంగతి ఏదైనా ముందు నా చెవినే పడుతుంది.

డాక్టరు వైద్యం నేర్చుకున్నది కనెక్టికట్‌లో తన మేనమామ దగ్గర. ఆ మేనమామ ఇంగ్లండు రాజుతో యుద్ధం జరిగిన రోజుల్లో మన సైన్యానికి చికిత్స చేశాడట. రక్తం ఎంత పోతే జ్వరం అంత పోతుందని చెప్పి రెండేళ్ళలో మేనల్లుడి చదువు ముగించాడు. స్ప్రేగ్ ఆ మాటను బైబిల్ అంత గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంలో కల్తీ లేదు. ప్రతి నెలా మొదటి సోమవారం తన చెయ్యి తానే కోసుకునేవాడు. మంగళవారం గుర్రం మీద నిటారుగా కూర్చోలేక, దాని మెడ కావలించుకుని రోగుల్ని చూడడానికి వచ్చేవాడు.

అంత మంచివాడితో మీ వైద్యం మాకొద్దు అనే నోరు ఎవరికుంది? అందుకని ఊరంతా జబ్బు పడడం మానేసింది. అంటే, పడినా బయటికి తెలియనిచ్చేది కాదు. వీధిలో ఎవరూ దగ్గేవారు కాదు. కుంటేవాళ్ళు డాక్టరు కనబడగానే చక్కగా నడిచేవారు. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్య అమేసా టప్పర్‌కి తుమ్ము వచ్చింది. అమేసా మా చర్చి పెద్ద, పొట్టిగా, లావుగా ఉంటాడు. డాక్టరు సరిగ్గా ముందు వరసలో ఉన్నాడు. అమేసా ముక్కు పట్టుకున్నాడు, నోరు మూసుకున్నాడు, ముఖం బీట్‌రూట్ దుంపలా అయింది. అలాగే బిగబట్టి బిగబట్టి బల్ల మీంచి ఢామ్మని కింద పడ్డాడు.

"తుమ్మండీ! వట్టి తుమ్ము!" అని కిందనుంచే అరిచాడు.

"తుమ్ముకి ఎవరైనా పడతారా అమేసాగారూ? ఇది రక్తపు పోటు. సరైన సమయానికి నేనిక్కడ ఉన్నాను, అదృష్టం" అంటూ డాక్టరు సంచీ తెరిచాడు. పాస్టరు ప్రసంగం సాగుతుండగానే ఒక గిన్నె రక్తం తీశాడు.

ఆ చలికాలంలోనే డాక్టరు కొండ అవతల ఊరికి వెళ్ళి మంచులో చిక్కుకుపోయాడు. మూడు వారాలు దారి లేదు. అదే సమయానికి మా ఊళ్ళో విషజ్వరం వచ్చి పడింది. ఇంటికి ఇద్దరు మంచం ఎక్కారు. నేను గుమ్మడికాయ పులుసూ, మొక్కజొన్న జావా కాచి ఇంటింటికీ పంపాను. అంతకుమించి ఎవరం ఏమీ చెయ్యలేదు, చెయ్యడానికి ఏమీ లేదు. మూడు వారాలకు దారి తెరుచుకునేసరికి ఊళ్ళో ఒక్కరూ పోలేదు. ఏడాదిగా మంచంలో ఉన్న అమేసా అత్తగారు లేచి కోళ్ళకు గింజలు వేస్తోంది.

ఆ సంగతి నాతో మొదట అన్నది డాక్టరు భార్య మెహిటబెల్. ఉప్పు అప్పుకని సత్రానికి వచ్చి, వెళ్ళకుండా నిలబడింది.

"లోయిస్ అక్కా, ఒకటి చెప్తా, ఎక్కడా అనకు."

"అననులే, చెప్పు."

"ఆయన ఊళ్ళో లేని ఈ మూడు వారాల్లో మా పిల్లల బుగ్గల్లోకి రంగొచ్చింది. నాకూ కళ్ళు తిరగడం పోయింది." కాసేపు ఉప్పు వైపు చూసింది. "బంగారంలాంటి మనిషక్కా. ఊళ్ళో లేకపోతే ఇంకా బంగారం."

"మరి ఎక్కడికి పంపిస్తావే? చుట్టాలింటికా?"

"చుట్టాలకీ ప్రాణాలున్నాయి కదక్కా" అంది.

ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. అప్పుడు నాకు తట్టింది. మా రాష్ట్ర శాసనసభ రాజధానిలో కూర్చుంటుంది. ఆకులు రాలేవేళ మొదలై మంచు కరిగేదాకా సాగుతుంది. జ్వరాలొచ్చేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.

ఓటు మగవాళ్ళకే ఉన్నా, ఆ మగవాళ్ళకు అన్నం పెట్టేది మేమే. వారం తిరక్కుండా ప్రతి ఇంట్లో సంగతి తెలిసింది, ఏ ఇంట్లోనూ ఎవరూ పైకి అనలేదు. ఇక అడ్డల్లా బార్నబస్ కిట్రెజ్ ఒక్కడే. పదకొండేళ్ళుగా మా ఊరి తరఫున సభలో కూర్చుంటున్నది ఆయనే. తన కుర్చీ అంటే ప్రాణం. కానీ ఆ ఏడు ఆయనకు కాలి బొటనవేలు వాచింది. డాక్టరు చూసి, ఎన్నిక అయ్యాక వచ్చే గురువారం వచ్చి రెండు గిన్నెలు తీస్తానని మాట ఇచ్చాడు.

ఎన్నిక నాడు చర్చిలో చీటీలు లెక్కపెట్టారు. డెబ్బయ్యొకటి డాక్టరుకి, ఒకటి కిట్రెజ్‌కి. ఆ ఒక్కటీ డాక్టరు వేసింది. కిట్రెజ్ తన చీటీ తానే డాక్టరుకు వేసి, కర్ర మీద ఆనుకుని, అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు.

"మీ ప్రేమకు ఏమివ్వగలను? కానీ నేను వెళ్ళలేను. చలికాలంలో మిమ్మల్నిలా వదిలేసి ఎలా వెళ్తాను?"

"వెళ్ళండి డాక్టరుగారూ! రాష్ట్రం కోసం మేం ఓర్చుకుంటాం" అన్నాడు అమేసా.

"జ్వరాలొస్తే?"

"పోతే పోతాం!" అని వెనకనుంచి నలుగురు ఒక్కసారే అన్నారు.

ఇంత త్యాగం ఆయన ఎక్కడా చూడలేదట. మర్నాడే బయలుదేరాడు. సంచీ మాత్రం వదల్లేదు.

రాజధానినుంచి ఆయన ఉత్తరాలు రాసేవాడు. మెహిటబెల్ వాటిని సత్రానికి తెచ్చి అందరికీ చదివి వినిపించేది. మొదటి ఉత్తరం నాకిప్పటికీ కంఠతా వచ్చు. "ఈ సభలో ఎనభై మంది ఉన్నారు. ఆరోగ్యవంతుడు ఒక్కడూ లేడు. దేవుడు నన్నిక్కడికి ఎందుకు పంపాడో మొదటి గంటలోనే అర్థమైంది."

ఆ ఏడు సభలో పెద్ద తగాదా కొత్త జైలు గురించి. తూర్పు కొండవాళ్ళు తమవైపు కట్టాలంటారు, పడమటి కొండవాళ్ళు తమవైపు అంటారు. అటు నలభై, ఇటు నలభై. వాదన జరుగుతుండగా పడమటివాళ్ళ నాయకుడికి ఎక్కిళ్ళు వచ్చాయి. డాక్టరు లేచి వెళ్ళి రక్తం తీసి, పొడి వేశాడు. మర్నాడు ఓటింగుకి పడమటివాళ్ళు ఒకరు తక్కువయ్యారు. జైలు తూర్పుకి వెళ్ళింది.

దాంతో డాక్టరు విలువ రెండు వర్గాలకూ తెలిసింది. తూర్పువాళ్ళు ఆయన్ని పక్కకు పిలిచి, "పాపం, పడమటివాళ్ళ బసలో అందరూ పాలిపోయి ఉన్నారండీ, ఒక్కసారి చూసిరండి" అనేవారు. పడమటివాళ్ళు సాయంత్రం ఆయనకు టర్కీ కోడి విందుపెట్టి, "తూర్పాయన నాలుక తెల్లగా ఉందండీ, మా మనసు ఊరుకోవడం లేదు" అనేవారు. ఆయన అందరి దగ్గరికీ వెళ్ళేవాడు. క్రిస్మస్ దాటేసరికి సభ నడవడానికి చాలినంత మంది నిటారుగా కూర్చోలేకపోయారు. మంచు కరిగేదాకా ఒక్క చట్టం కాలేదు, ఒక్క పన్ను పెరగలేదు. రాష్ట్రం పుట్టాక ఇంత మంచి సభ జరగలేదని పత్రికలు రాశాయి. పేపర్లో ఆయన బొమ్మ కూడా వేశారు, ముక్కు మాత్రం కుదరలేదు.

ఇలా ఎనిమిదేళ్ళు గెలిపించాం. వేసవిలో ఊళ్ళో ఉన్నప్పుడు మాత్రం అందరం పొలాల్లోనే ఉండేవాళ్ళం, ఇంటి దగ్గర దొరికేవాళ్ళం కాదు.

ఎనిమిదో ఏడు వసంతంలో ఆయన తిరిగివచ్చి, ఇక సభకు వెళ్ళనని మెహిటబెల్‌తో చెప్పాడు. తను లేక ఊరు ఎంత నష్టపోయిందో ఋజువు చేసి రాజీనామా ఇస్తానన్నాడు. ఆమె ఎంత చెప్పినా వినకుండా పాస్టరు దగ్గరికి వెళ్ళి ఊరి చావుల పుస్తకం అడిగి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం దాన్ని చంకలో పెట్టుకుని సత్రానికి వచ్చాడు. నేను చిక్కుడుగింజలు ఏరుతున్నాను. ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచాడు.

"లోయిస్, ఇది చూడమ్మా. నేనున్న చలికాలాల్లో పద్నాలుగు, పదకొండు, పదిహేడు. నేను లేనివాటిలో రెండు, ఒకటి, మూడు. పాస్టరు రాయడం మరిచిపోయాడేమోనని సమాధులు కూడా వెళ్ళి చూశాను. సరిపోయింది."

నేను తలెత్తలేదు.

"నీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఎన్నాళ్ళుగా?"

"మిమ్మల్ని మొదటిసారి గెలిపించకముందు నుంచీ."

"అందరికీ తెలుసా?"

"అందరికీ తెలుసు."

ఆయన వేలు పుస్తకం మీద కిందికి జరిగి ఒక పేరు దగ్గర ఆగింది. అది ఏ పేరో నేను చూడకుండానే చెప్పగలను.

"రూఫస్ కూడానా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "ఆయనకి వచ్చింది వట్టి జలుబండీ" అన్నాను.

ఆయన ఏడవలేదు. సమాధుల దగ్గర అంతగా ఏడ్చే మనిషి అప్పుడు ఏడవలేదు. పుస్తకం మూసి, "నువ్వు ఆవేళ నా కన్నీళ్ళు తుడిచావమ్మా" అన్నాడు. నేను గింజలు ఏరుతూనే ఉన్నాను. కాసేపటికి ఆయన కూడా చెయ్యి చాపి ఏరడం మొదలుపెట్టాడు. మంచివాటిని పారేసే పళ్ళెంలో వేస్తున్నాడు.

రాజీనామా ఇవ్వలేదు. ఆ శరత్కాలంలో మళ్ళీ సభకు వెళ్ళి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి మాట్లాడడానికి లేచాడు. రాష్ట్రంలో ఏ వైద్యుడూ రోగి రక్తం తియ్యకూడదని చట్టం చెయ్యమన్నాడు. చావుల పుస్తకం పట్టుకుని, తన రోగుల పేర్లు గంటసేపు చదివాడు. పక్క ఊరి సభ్యుడు మా సత్రంలో దిగినప్పుడు ఆ తరవాత జరిగింది చెప్పాడు.

ఎనభై ఏళ్ళ సభ్యుడొకాయన కర్ర ఊపుతూ లేచాడట. "ఈయన నాకు తొమ్మిదిసార్లు తీశాడు. అయినా బతికే ఉన్నాను కదా! ఇంతకంటే ఋజువు ఏం కావాలండీ? డాక్టరుగారు వినయంకొద్దీ ఏదో అంటారు, మనం పట్టించుకోకూడదు" అన్నాడట. సభంతా నవ్వి చప్పట్లు కొట్టింది. చట్టానికి ఆరు ఓట్లు వచ్చాయి. ఆయన వినయాన్ని మెచ్చుకుంటూ చేసిన తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది.

డాక్టరు ఆ వారమే ఇంటికి వచ్చేశాడు. ఆ తరవాత కబురు పెట్టిన ఇంటికల్లా వెళ్ళాడు, సంచీ లేకుండా. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నీళ్ళు తాగించేవాడు, తడిగుడ్డ వేసేవాడు, సభలో జరిగిన రోడ్ల చర్చ మొదటినుంచీ చివరిదాకా చెప్పేవాడు. రోగికి హాయిగా నిద్రపట్టేది. ఒక్కరూ పోలేదు.

ఊరికి ఒళ్ళుమండింది.

"ఇదేం వైద్యమండీ? వస్తాడు, కూర్చుంటాడు, పోతాడు! మా ఆవిడ కూడా కూర్చుంటుంది, దానికి డాక్టరెందుకు?" అని కిట్రెజ్ సత్రంలో గొంతు చించుకున్నాడు. బొటనవేలు మళ్ళీ వాచిందని బండి కట్టించుకుని పక్క ఊరు వెళ్ళి, అక్కడి కుర్ర డాక్టరు చేత మూడు గిన్నెలు తీయించుకుని వచ్చాడు. పాలిపోయి, ఇద్దరి భుజాల మీద దిగుతూ, "అదీ వైద్యమంటే!" అన్నాడు. అతని వెనక మా ఊరివాళ్ళు బళ్ళు కట్టారు. ఇన్నాళ్ళూ దగ్గు దాచుకున్నవాళ్ళు ఇప్పుడు పక్క ఊరిదాకా దగ్గుకుంటూ వెళ్ళారు. ఆ తరవాతి ఎన్నికలో డాక్టరుకు నాలుగు ఓట్లు పడ్డాయి. కిట్రెజ్ తన కుర్చీకి తిరిగివెళ్ళాడు.

"వీళ్ళకి బుద్ధి లేదండీ" అన్నాను డాక్టరుతో.

"అలా అనకమ్మా. ఇరవయ్యేళ్ళు నేర్పింది నేనే కదా" అన్నాడు.

ఇంకో పదహారేళ్ళు బతికాడు. పిలిచినవాళ్ళు తక్కువే, పిలిస్తే మాత్రం వెళ్ళేవాడు. చివరికి ఒక జూలైలో, గడ్డి కోతల వేళ, అమేసా టప్పర్‌కి జ్వరం వచ్చింది. బండి ఎక్కే ఓపిక లేక డాక్టరునే పిలిచారు. ఇంట్లోవాళ్ళు పొలానికి వెళ్ళగా ఆయన రెండు రోజులు మంచం పక్కనే కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున్నే అమేసాకి చెమటపట్టి జ్వరం దిగింది. కళ్ళు తెరిచి, "డాక్టరుగారూ, ఆకలేస్తోందండీ" అన్నాడు. డాక్టరు పలకలేదు. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది, తల పక్కకు వాలి ఉంది. వేళ్ళు చల్లబడ్డాయి.

పిలిస్తే పలికేవాళ్ళెవరూ ఇంట్లో లేరు. రెండు రోజులుగా మంచం దిగని అమేసా లేచి, చొక్కా తొడుక్కుని, తనే గుర్రాన్ని బండికి కట్టాడు. డాక్టరును రెండు చేతులమీదా ఎత్తుకుని బండిలో పడుకోబెట్టి, ఎండ తగలకుండా ముఖం మీద తన టోపీ పెట్టి, మెల్లగా నడుపుకుంటూ మెహిటబెల్ దగ్గరికి తీసుకువచ్చాడు.